మాగ్నెట్ సిట్టింగులు: ముడి పడింది 2008లోనే

విజయవాడ సూర్యారావుపేటలో ‘మెదడుకు మాగ్నెట్ ట్రీట్‌మెంట్’ ప్యాకేజీల గొడవ మళ్లీ రాజుకుంది. ఇంటర్ పిల్లలకు ఏకాగ్రత పెరుగుతుందని చెప్పి 30 సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకున్నారని కొందరు తల్లిదండ్రుల ఆరోపణ. అమెరికాలో అనుమతి ఉన్న చికిత్సే కదా అని ప్యాకేజీలు నడిపేవాళ్ల జవాబు. అనుమతి ఉన్న మాట నిజమే. దేనికి ఉంది అన్నదే తగాదా.

తలమీద కాయిల్ (తీగచుట్ట) పెట్టి అయస్కాంత తరంగాలతో మెదడును కదిలించే, టీఎంఎస్ అనే ఈ పద్ధతి 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చేతిలో పుట్టింది. ఆ తర్వాతి ఇరవై ఏళ్ల కథ ఇక్కడ అక్కర్లేదు. మనకు కావలసింది 2007 జనవరి.

అప్పటికి న్యూరోనెటిక్స్ అనే అమెరికా కంపెనీ 301 మంది డిప్రెషన్ రోగులతో ట్రయల్ పూర్తి చేసింది. దాదాపు సగం మందికి అసలు కాయిల్, మిగతావాళ్లకు ఉత్తుత్తి కాయిల్. నాలుగు వారాల తర్వాత తేడా కనిపించింది గానీ, ముందుగా పెట్టుకున్న ప్రధాన లెక్కలో గట్టెక్కలేదు. అసలు తేడా లేకున్నా కాకతాళీయంగా ఇంత తేడా కనబడే అవకాశమెంతో చెప్పే పీ విలువ 0.05 లోపు రావాలి, 0.057 వచ్చింది. 35కు పాస్ అయితే 34 దగ్గర ఆగిన పేపరు లాంటిది. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ ఒప్పుకోలేదు. తర్వాత అదే డేటాను తిరగేసి, అప్పటికి ఒకే ఒక్క మందు వాడి గుణం కనబడని 164 మందిని విడిగా చూస్తే ఫలితం తేటగా తేలింది. 2008 అక్టోబరులో అనుమతి వచ్చింది, సరిగ్గా ఆ బాపతు పెద్దవాళ్లకే.

అంటే తలుపు తెరుచుకున్నదే ఓరగా. ఇవాళ బోర్డుల మీద కనిపించే జబ్బుల పొడుగు జాబితాలు చదివేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఇదే. 2010లో అమెరికా ప్రభుత్వ నిధులతో 190 మందిపై జరిగిన మరో ట్రయల్‌లో అసలు కాయిల్ పెట్టినవాళ్లలో నూటికి 14 మందికి డిప్రెషన్ పూర్తిగా తగ్గింది, ఉత్తుత్తి కాయిల్‌తో 5 మందికి. మందులకు లొంగని జబ్బులో ఇది చిన్న మేలు కాదు. కనుక యంత్రమే మోసం అనేవాళ్లతో నేను ఏకీభవించను.

ఆ తర్వాత ప్రతి జబ్బుకూ విడిగా రుజువు చూపించాల్సి వచ్చింది. ఓసీడీకి (వదలని ఆలోచనలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) 2018లో, సిగరెట్ మాన్పించడానికి 2020లో. 2024లో 15 ఏళ్లు నిండిన పిల్లలకూ ఒప్పుకున్నారు. ప్యాకేజీలవాళ్లు చూపించేది ఈ చివరిదాన్నే. అయితే అది కూడా డిప్రెషన్‌కే, వేరే చికిత్సకు తోడుగా. ఈఏపీసెట్ ర్యాంకుకు కాదు, ఆటిజానికీ కాదు. అనుమతి లేని జబ్బుకు వాడటం డాక్టర్ విచక్షణ అని వాళ్ల వాదన. వైద్యంలో అది మామూలే, నిజమే. అయితే రుజువు లేదన్న సంగతి ముందే చెప్పాలి కదా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు.

సిట్టింగ్ ఎలా ఉంటుందో చూస్తే ఈ కోపం అర్థమవుతుంది. చెవి కమ్మలు, జడపిన్నులు తీయించి, చెవుల్లో ప్లగ్గులు పెట్టి కూర్చోబెడతారు. మొదటి రోజు కాయిల్‌ను తలమీద అటూ ఇటూ జరుపుతూ బొటనవేలు ఎప్పుడు టిక్కున కదులుతుందా అని చూస్తారు. మోతాదు నిర్ణయించేది ఆ కదలికే. తర్వాత నాలుగు సెకన్లు టకటకా వడ్రంగిపిట్ట పొడిచినట్టు, 26 సెకన్లు నిశ్శబ్దం. పాత పద్ధతిలో ఇలా 37 నిమిషాలు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. తెనాలి నుంచో గుడివాడ నుంచో వచ్చేవాళ్లకు రోజూ సగం పూట పోయినట్టే. మూడు నిమిషాల పద్ధతి దీనికి తీసిపోదని 2018లోనే తేలింది. అదీ డిప్రెషన్‌లోనే.

చట్టం సంగతికొస్తే, 2017 మానసిక ఆరోగ్య చట్టం మైనర్లకు కరెంటు షాక్ చికిత్సను నిషేధించింది. తప్పనిసరైతే గార్డియన్ సమ్మతి, మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డు ముందస్తు అనుమతి ఉండాలి. టీఎంఎస్ షాక్ కాదు, మత్తు అక్కర్లేదు, ఆ చట్టంలో దాని పేరూ లేదు. ఇన్సూరెన్స్‌లో ఇంకో విచిత్రం. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కవర్ చేసి తీరాలన్న 12 ఆధునిక చికిత్సల్లో పుర్రెకు రంధ్రం చేసి ఎలక్ట్రోడ్ దించే డీబీఎస్ ఉంది, కోత లేని ఇది లేదు. పైగా దీనికి ఆసుపత్రిలో అడ్మిషన్ ఉండదు. క్లెయిమ్ దారి కష్టమైనప్పుడు మిగిలేది చేతి డబ్బే, దాన్నిబట్టే ముందస్తు ప్యాకేజీ.

గొడవ పడుతున్నవాళ్లలో ఒకాయన నాకు రసీదు చూపించారు. సిట్టింగులు 30 అని ఉంది, మొత్తం ఉంది, వాపసు లేదన్న ముద్ర ఉంది. జబ్బు పేరు రాయాల్సిన గడిలో ఏమీ లేదు.