హీరో మారిన సూపర్‌హీరో సీక్వెల్: హాలు వైపు నుంచి అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో ఒక పాత సింగిల్ స్క్రీన్ హాలుకి బుకింగ్ పని చూస్తాను. సూపర్‌హీరో సీక్వెల్‌కి హీరో, డైరెక్టర్ ఇద్దరూ మారారని వింటే చాలు, ఇటు రాయగడ నుంచి అటు పర్లాకిమిడి దాకా హాళ్ల వాళ్లకు టెన్షన్.

అపోహ: హీరో మారితే బొమ్మ పోయినట్టే.

బ్యాట్‌మ్యాన్ లెక్కే చూడండి. 1992లో 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్'కి డైరెక్టర్ టిమ్ బర్టన్, హీరో మైకేల్ కీటన్. 1995లో 'బ్యాట్‌మ్యాన్ ఫరెవర్'కి ఇద్దరూ మారి జోయెల్ షూమాకర్, వాల్ కిల్మర్ వచ్చారు. ప్రపంచ వసూళ్లు 26 కోట్ల డాలర్ల పైచిలుకు నుంచి 33 కోట్లు దాటాయి. 1997లో జార్జ్ క్లూనీ వచ్చాడు, 24 కోట్లు కూడా రాలేదు. క్లూనీని చాలామంది తిట్టారు. డైరెక్టర్ మాత్రం 1995లో కాసులు కురిపించిన ఆ షూమాకరే!

అపోహ: డైరెక్టర్ మారాడంటే పాతాయన్ని గెంటేసినట్టే.

'ఫరెవర్'కి బర్టన్ డైరెక్టర్ కాకపోయినా నిర్మాతల్లో ఒకడు. పూర్తిగా బయటికి పోలేదు.

అపోహ: కొత్త మొహాన్ని మన జనం ఒప్పుకోరు.

ముసుగు తొడిగాక కనిపించేది పెదవులూ గడ్డమే. డబ్బింగ్ బొమ్మలో జనం పట్టుకునేది గొంతు. మా బాల్కనీలో అమ్మమ్మ "వీడెవడ్రా?" అని తెలుగులో అడుగుతుంది, మనవడు ఒడియాలో బదులిస్తాడు. వాడికి తెలుగు పోస్టర్ చదవడం రాదు, డైలాగ్ మాత్రం ఒక్కటీ వదలడు. అందుకే హిందీ వెర్షన్ ఒక్కటి వేస్తే చాలు అనేవాళ్ల మాట నేను వినను.

అపోహ: సినిమా ఉన్న హార్డ్‌డిస్క్ హాలుకి చేరిందంటే ఆట పడ్డట్టే.

అసలు తలనొప్పి ఇక్కడే. సినిమాకి తాళం ఉంటుంది, దాని కీ విడిగా మెయిల్‌లో వస్తుంది. అది మా హాల్లో సినిమా నడిపే సర్వర్‌కే పనిచేస్తుంది, అదీ ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే. పక్క ఊరి కీ తెచ్చుకున్నా ఉపయోగం లేదు. తెలుగుకి వేరు, హిందీకి వేరు. శుక్రవారం పొద్దున గేటు దగ్గర జనం, లోపల సర్వర్ మీద తెలుగు వెర్షన్ పక్కన తాళం గుర్తు, ఆపరేటర్ చేతిలో హిందీ కీ. అప్పుడు హీరో ఎవరైతే ఏంటి? గడువు మొదలయ్యేదాకా వేసి చూడడమూ కుదరదు కాబట్టి, కీ మీది వెర్షన్ పేరూ సర్వర్‌లోని పేరూ ఒకటేనా అని గురువారం సాయంత్రమే సరిచూడమంటాను.