పనికుక్కలను ఇంట్లో పెంచడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: పోలీసు, సైనిక దళాల్లో అంత క్రమశిక్షణతో మెలిగే బెల్జియన్ మాలినోయిస్ ఇంట్లో ఇంకా బాగా మాట వింటుంది.

వాస్తవం: 2019లో సిరియాలో ఐసిస్ అధినేత బాగ్దాదీని తరిమిన అమెరికా సైన్యపు కుక్క కోనన్ ఈ జాతిదే. ఆ క్రమశిక్షణ పుట్టుకతో వచ్చేది కాదు. శిక్షకుడితో ప్రతిరోజూ చేసే సాధన వల్ల అలవడేది. పుట్టుకతో వచ్చేవి వేరు: కదిలే ప్రతిదాని వెంటా పడాలన్న తపన, పట్టినది వదలని మొండితనం, అలుపెరుగని ఒళ్ళు. అటువంటి జీవిని తిరుపతి కొర్లగుంట సందులో ఉదయం పది నిమిషాలు తిప్పి, మిగిలిన రోజంతా మిద్దె మీద గొలుసుతో కట్టివేస్తే, అది తన తోకను తానే తరుముతూ గిరగిరా తిరుగుతుంది, ముందుకాలిని నాకి నాకి పుండు చేసుకుంటుంది, ఆడుకుంటూ పరుగెత్తే పిల్లల పిక్కలు పట్టుకుంటుంది. యజమానులు దానిని పొగరు అంటారు. పశువైద్యుడిగా నాకు అందులో కనిపించేది పనిలేక ఆ జీవి పడే బాధ. దానికి దెబ్బలు మందు కావు.

అపోహ: ఏసీ ఉంటే చాలు, సైబీరియన్ హస్కీ తిరుపతిలో హాయిగా ఉంటుంది.

వాస్తవం: మంచు మీద బండ్లు లాగడానికి తీర్చిదిద్దిన జాతి ఇది. 1925లో అలాస్కాలోని నోమ్ పట్టణానికి డిఫ్తీరియా మందును సుమారు 1,085 కిలోమీటర్ల దూరం వంతులవారీగా చేరవేసినవి ఇటువంటి బండికుక్కల జట్లే. ఏసీ గది వేడిని తగ్గించగలదు గానీ పరుగెత్తాలన్న కోరికను తీర్చలేదు. ఆ కోరిక తీర్చడానికి బయటికి తీసుకువెళదామంటే, మన వేసవిలో పొద్దుగూకిన తరువాత కూడా రోడ్డు సెగలు కక్కుతూనే ఉంటుంది. కుక్క ప్రధానంగా రొప్పడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దాటితే ప్రాణాపాయం. వేసవి వచ్చిందని బొచ్చు గొరిగించడం కూడా మేలు చేయదు. చర్మం నేరుగా ఎండకు కమిలిపోతుంది.

అపోహ: బోర్డర్ కోలీ తెలివైనది కనుక పెంచడం సులువు.

వాస్తవం: ఆ తెలివి గొర్రెల మందను మళ్ళించడానికి. మంద లేనిచోట అది స్కూటర్లను మళ్ళించబోతుంది.

ఇప్పటికే తెచ్చుకున్నవారు దయచేసి వీధిలో వదిలివేయకండి. తెల్లవారకముందే చాలాసేపు నడిపించండి, తిండిని గిన్నెలో పెట్టకుండా ఇల్లంతా దాచి వాసనతో వెతికించండి. నాకుడు పుండు ఉంటే ముందుగా దానికి వైద్యం చేయించండి.