వణుకు కన్నా ముందొచ్చిన దిగులు

విజయనగరంలో సిరిమానోత్సవం నాడు మా ఇంట్లో ఎవరూ కుదురుగా కూర్చునేవారు కాదు. విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం సిరిమాను పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. పెదనాన్న మధ్యాహ్నమే మమ్మల్ని తీసుకెళ్లి, మూడు లాంతర్ల దగ్గర చోటు చూసి నిలబెట్టేవాడు. ఒక ఏడాది మాత్రం "మీరెళ్లి రండ్రా, నాకు మనసు బాగోలేదు" అని మంచం దిగలేదు. మరుసటి ఏడూ అంతే. బడిపంతులు ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు కదా, ఆ దిగులే అనుకున్నాం. కుడిచెయ్యి వణకడం మొదలైంది ఆ తర్వాత మూడేళ్లకి.

విశాఖలో నరాల డాక్టరు పార్కిన్సన్స్ అని తేల్చాక, వణుకుడు రోగం వచ్చింది కాబట్టి మనిషి బెంగపెట్టుకున్నాడని అందరికీ చెప్పుకున్నాం. మా కళ్లముందే దిగులు ముందొచ్చి వణుకు తర్వాత వచ్చినా, ఆ వరస మాకు తట్టలేదు.

ఈ జబ్బులో మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా చచ్చిపోతాయి. వణుకు, బిగుతు, నడకలో మందగింపు బయటపడేసరికే నష్టం చాలా జరిగిపోయి ఉంటుంది. డోపమైన్ చెయ్యీకాలూ ఆడించడంతో ఆగదు. ఒక పని చేయాలనిపించడానికి, చేశాక తృప్తి కలగడానికి కూడా అదే కావాలి. పైగా మెదడు కాండంలో సెరటోనిన్, నారడ్రెనలిన్ అనే రసాయనాలు తయారుచేసే కణాలూ ఈ జబ్బులో దెబ్బతింటాయి. మనసు నిలకడకు, నిద్రకు, భయం అదుపులో ఉండడానికి అవి ఆధారం. జర్మన్ శాస్త్రజ్ఞుడు హైకో బ్రాక్ 2003లో ఒక క్రమాన్ని ప్రతిపాదించాడు: నష్టం మెదడు కాండం కింది భాగంలోనూ, మెదడులో వాసన పసిగట్టే చోటా మొదలై, పైకి పాకుతూ సబ్‌స్టాన్షియా నైగ్రాని చేరుతుందని. అందరిలోనూ ఇదే వరస కనబడదు గానీ, వణుక్కి ఏళ్ల ముందే కొందరికి వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కాళ్లుచేతులు విసరడం, కారణం తెలియని దిగులు ఎందుకొస్తాయో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

1817లో ఈ జబ్బును మొదటిసారి వివరంగా రాసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్, ఇందులో ఇంద్రియాలకూ బుద్ధికీ హాని ఉండదన్నాడు. ఆయన చూసింది ఆరుగురినే. ఆ మాట ప్రభావం చాలాకాలం ఉండిపోయింది, వైద్యం చేతుల్నీ కాళ్లనీ చూసినంతగా మనసుని చూడలేదు. ఇప్పటి అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పార్కిన్సన్స్ ఉన్నవారిలో సుమారు మూడోవంతు మందికి వైద్యం అవసరమయ్యే స్థాయిలో దిగులు లక్షణాలుంటాయి. ఆందోళనా దాదాపు అంతే.

మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ముఖం. ఈ జబ్బులో ముఖ కండరాలు కూడా బిగుసుకుంటాయి, కనురెప్పలు తక్కువసార్లు పడతాయి, గొంతు తగ్గిపోతుంది. లోపల ఏమున్నా బయటికి ఒకటే ముఖం. "రోజంతా మొకం మాడ్చుకుని కూకుంటాడు, నానేటి చేశాను?" అని పెద్దమ్మ ఏడ్చేది. చెన్నై నుంచి వీడియో కాల్ చేసిన మనవరాలు, తాతకి నామీద కోపమా అని అడిగి, తర్వాత ఫోన్లు తగ్గించేసింది. ఇలా ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే దూరం జరుగుతుంటే, లేని దిగులు కూడా పుడుతుంది. డాక్టర్లూ ఇక్కడ రెండు రకాలుగా పొరబడొచ్చు: దిగులు లేనివాడికి ఉందనుకోవచ్చు, ఉన్నవాడిది జబ్బు ముఖమేలే అని వదిలేయొచ్చు. అందుకే నోరు తెరిచి అడగడం ఒక్కటే దారి. ఒకసారి డాక్టరు ఏడుపొస్తుందా అని అడిగారు. పెదనాన్న చాలాసేపు ఊరుకుని, "ఏడుపొస్తాది బాబూ, మొకానికే రాదు" అన్నాడు. ఆయనతో ఒకే కప్పు కింద ఇన్నేళ్లున్న మేం ఆ ప్రశ్న ఒక్కసారీ అడగలేదు.

దిగులుకీ నిరాసక్తతకీ తేడా ఉంది. నిరాసక్తత ఉన్న మనిషి బాధపడుతూ ఉండకపోవచ్చు, దేనిమీదా మనసు లేవదు, అంతే. చూసేవాళ్లకి అది బద్ధకంలా కనిపిస్తుంది, మాటలు పడేది అక్కడే.

ఆందోళన సంగతి వేరు. రోజూ సాయంత్రం నాలుగు దాటాక ఆయనకి గుండెదడ, చెమటలు, చచ్చిపోతానేమో అన్న భయం. గుండె పరీక్షల్లో ఏమీ తేలలేదు. మాత్ర వేసుకున్న వేళ, భయం వచ్చిన వేళ నోటుబుక్కులో రాయమన్నారు డాక్టరు. పది రోజులు రాశాక తెలిసింది, మధ్యాహ్నం వేసిన లెవోడోపా, అంటే మెదడులో డోపమైన్‌గా మారే మాత్ర, పనితనం దిగిపోయే వేళకే భయం ఎక్కుతోందని. మాత్రల మధ్య ఎడం మార్చాక చాలావరకు తగ్గింది. ఖర్చులేని పరీక్ష ఇది, ప్రతి ఇంట్లో చేయొచ్చు.

మందులు మరోరకంగానూ మనసుని కదుపుతాయి. డోపమైన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు వాడేవారిలో కొందరికి పేకాట, అడ్డూఅదుపూ లేని కొనుగోళ్లు, అతిగా తినడం, కామవాంఛ పెరగడం కనిపిస్తాయి. ఇంటి పెద్ద ఈ వయసులో చెడిపోయాడని పరువుకోసం దాచిపెట్టేస్తారు. దాచకుండా డాక్టరుకి చెప్పాలి, మందు మాత్రం సొంతంగా ఆపకూడదు. లేని మనుషులు కనిపిస్తున్నారని వేరే ఆసుపత్రికి తీసుకెళ్తే, పార్కిన్సన్స్ ఉందని ముందే చెప్పాలి. అలాంటప్పుడు ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ డోపమైన్‌ని అడ్డుకుని జబ్బు లక్షణాలని ముదరబెడతాయి.

ఈ దిగులుకి వైద్యం ఉంది. పారోక్సెటిన్, వెన్లఫాక్సిన్ మందులు ఉత్తుత్తి మాత్ర కంటే బాగా పనిచేశాయనీ, కదలికలను పాడుచేయలేదనీ 2012లో ఒక పరీక్షలో తేలింది. ఆలోచనల తీరునీ దినచర్యనీ సరిదిద్దే మాటల చికిత్స, రోజూ వ్యాయామం కూడా మేలు చేస్తాయి. తాళం వింటే ఆగిపోయిన అడుగు కదలడం ఈ జబ్బులో తెలిసిన విషయమే. తప్పెటగుళ్లు పుట్టిన ఈ ప్రాంతంలో ఆ దరువు ఫోన్లో పెట్టుకుని వరండాలో నడిచినా చాలు.

కష్టమల్లా గడప దాటడమే. పెళ్లి బంతిలో పులుసు ఒలికిపోతుందన్న సిగ్గుతో పెదనాన్న పెళ్లిళ్లు మానేశాడు. మానసిక వైద్యుడి దగ్గరికి అనగానే "నన్ను పిచ్చోణ్ని సేసేస్తారా?" అన్నాడు. ఉద్దానం పల్లెల్లో పిల్లలు వలసపోయి ముసలి దంపతులే మిగిలిన ఇళ్లు ఎన్నో. వాళ్లకి విశాఖ ప్రయాణమే పెద్ద గండం. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. జబ్బు ఉన్నవాళ్లకే కాదు, వాళ్లని చూసుకునేవాళ్లకి కూడా అది.

రాత్రి నాలుగుసార్లు లేచి పెదనాన్నని పక్కకి తిప్పి పడుకోబెట్టే పెద్దమ్మ చేత మేమే ఆ నంబరుకి ఫోన్ చేయించాం. తలుపు వేసుకుని మాట్లాడింది. బయటికొచ్చి ఏం చెప్పారో మాతో అనలేదు గానీ, ఆ సాయంత్రం రెండు గ్లాసుల్లో టీ తెచ్చి ఆయన పక్కన కూర్చుంది. "మనసెలాగుంది?" అని అడిగింది. ఆయన జవాబు రావడానికి కొంతసేపు పడుతుంది. అంతసేపూ ఆగింది.