మన పికప్‌కి ఏ టైర్లు? మనవలకు తాతయ్య ఉత్తరం

పిల్లలూ,

ఈ ఏడు పికప్‌కి టైర్లు మార్చాలి. కాశీబుగ్గ వెళ్లి నాలుగు షాపులు చూసి రమ్మని మీకే చెబుతున్నాను కాబట్టి, ఏం చూడాలో ముందే రాస్తున్నాను. షాపాయన మొదట సైజు అడుగుతాడు. మీరు అంతకంటే ముందు ఏడాదిలో మన బండి చేసే పనులన్నీ ఒక కాగితం మీద వేసుకోండి.

ఉద్దానం తోటల నుంచి కొబ్బరికాయలు వేసుకుని హైవే మీద విశాఖపట్నం వెళ్లడమే దాని ప్రధానమైన పని. వేసవిలో పలాస ఫ్యాక్టరీలకి జీడిపిక్కల బస్తాలు. అప్పుడప్పుడు సీతంపేట కొండెక్కి అనాసపండ్లు, కొండచీపుళ్లు తేవడం. కోతలప్పుడు కల్లాల నుంచి ధాన్యం. ఎప్పుడైనా భావనపాడు వైపు చేపల కోసం వెళ్తే ఇసుక.

పోయిన కోతల్లో బండి బురదలో దిగబడితే ట్రాక్టరు కట్టి లాగాం కదా. అది మనసులో పెట్టుకుని మీ మావయ్య పెద్ద పెద్ద బటన్ల టైర్లే వేయాలని పట్టుబడుతున్నాడు. బురదలో ఆ బటన్లు నేలని పట్టి లాగుతాయి, నిజమే. కానీ హైవే ఎక్కాక తేనెతుట్టె కదిపినట్టు ఒకటే మోత. విడివిడిగా ఉన్న ఆ రబ్బరు దిమ్మలు తిరిగిన ప్రతిసారీ అటూ ఇటూ వంగుతాయి. వంగితే వేడి పుడుతుంది, తొందరగా అరుగుతాయి, డీజిలూ ఎక్కువ తాగుతుంది. బురద పని ఏడాదిలో కొన్నాళ్లే. ఆ కొన్నాళ్ల కోసం మిగతా రోజులన్నీ నష్టపోవడం నాకు ఇష్టం లేదు.

దీనికి ఎదురు రకం రిబ్ టైరు. చుట్టూ నిలువు గీతలుంటాయి. స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది, తారురోడ్డు మీద వాననీళ్లు గీతల్లోంచి బయటికి పోతాయి. బురద పట్టిందంటే మాత్రం గీతలు పూడిపోయి టైరు నున్నగా తిరుగుతుంది. రెండింటికీ మధ్యలో సెమీ లగ్ అని ఉంది. నడిమిన గీతలు, అంచుల్లో బటన్లు. మనలా అన్ని పనులూ చేసే బండికి నాలుగూ అవే వేయాలని నా ఉద్దేశం. కల్లం మరీ తడిగా ఉంటే బండిని గట్టు మీదే ఆపి బస్తాలు మోయించుకుందాం. కూలి కొంచెం పెరుగుతుంది, పెరగనీండి.

ఇక బరువు సంగతి. టైరు గీతలైతే ఎక్కువ రోజులు చేసే పనిని చూసి ఎంచుకోవచ్చు. బరువు మాత్రం ఏడాది మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ లోడు వేసిన రోజును చూసే ఎంచుకోవాలి. టైరు పక్కన 215/75 ఆర్ 15 అని ఉంటుంది. 215 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిన్నగా వేసిన రకం. 15 అంటే రిమ్ము అంగుళాలు. ఆ పక్కనే ఇంకో అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఒక టైరు ఎంత మోయగలదో చెప్పేది అదే. 100 అంటే 800 కిలోలు, 106 అంటే 950, 108 అంటే 1,000. 106/104 అని రెండుంటే మనకి మొదటిదే లెక్క. రెండోది పక్కపక్కనే జంట టైర్లుండే బళ్లకి.

లోడుతో వెనక ఇరుసు మీద 1,900 కిలోలు పడ్డాయనుకోండి, ఒక్కో టైరు మీద 950. సరిగ్గా ఇదే సైజులో జీపులకి వేసే టైరు దొరుకుతుంది. దాని మీద 100 అని ఉంటుంది. రిమ్ముకి చక్కగా పడుతుంది, ధర తగ్గిస్తామంటారు. వద్దని చెప్పి వచ్చేయండి. కంపెనీ మన బండికి చెప్పిన అంకె కంటే ఒక్కటి కూడా తగ్గకూడదు. దాని పక్కనుండే ఇంగ్లీషు అక్షరం వేగానికి సంబంధించింది. మన బండి నడకకి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

టైరు పుట్టిన తేదీ కూడా దాని మీదే ఉంటుంది. 3523 అంటే 2023లో 35వ వారం. మన బండి సీజన్ లేనప్పుడు ఎండలో ఊరికే నిలబడి ఉంటుంది కాబట్టి గీతలు అరగకముందే గోడలు పగులుతాయి. అందుకే షాపులో ఏళ్లుగా పడున్న సరుకు మనకొద్దు. ఇప్పుడున్న పాతవాటిని కూడా ఒకసారి చూడండి. గీతల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. పైభాగం వాటి మట్టానికి అరిగిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. చట్టం ఒప్పుకునేది అంతవరకే. వానాకాలం ముందైతే నేను అంతదాకా కూడా ఆగను.

నాలుగింటికీ డబ్బు చాలకపోతే రెండే తీసుకుని వెనక్కి వేయించండి. కొత్తవి ముందుకే వేయాలని చాలామంది అంటారు. తడిరోడ్డు మీద ముందు చక్రాలు జారితే స్టీరింగ్‌లో తెలిసిపోతుంది, స్పీడు తగ్గిస్తాం. వెనకవి జారితే బండే అడ్డం తిరుగుతుంది, అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ. ఏదైనా ఒకే ఇరుసుకి ఒకటి రేడియల్, ఒకటి నైలాన్ (దారాలు ఏటవాలుగా వేసిన పాత రకం) మాత్రం వేయించొద్దు.

మే నెలలో టైరు పేలుతుందని గాలి తగ్గించి నడుపుతారు చూడండి, అది పూర్తిగా తప్పు. గాలి తక్కువైతే గోడ ఎక్కువగా వంగి ఇంకా వేడెక్కుతుంది, పేలేది అప్పుడే. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఖాళీ బండికి ఎంత, లోడుకి ఎంత అన్నది కంపెనీ పుస్తకంలో ఉంది. ఇసుకలో దిగబడినప్పుడు కొంచెం తగ్గించొచ్చు కానీ, తారురోడ్డు ఎక్కగానే మళ్లీ కొట్టించాలి.

బిగించిన రోజే అలైన్‌మెంట్, అంటే చక్రాలు వంకర లేకుండా సరిచేయడం, చేయించండి. పాతవాటిలో మంచిది ఒకటి స్టెప్నీకి ఉంచి, మిగతావాటికి ఎంత ఇస్తాడో బేరమాడండి. బిల్లు మీద ప్రతి టైరు సీరియల్ నంబరూ రాయించుకోండి. రేపు గోడ ఉబ్బితే వారంటీకి అదే అడుగుతారు.

మీ తాతయ్య