బయటికి దారిలేని నీళ్లు

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఇల్లున్నవాళ్లకు కిటికీ అద్దాలు తుడవడం ఎప్పటికీ తీరని పని. ఇవాళ తుడిస్తే రేపటికి మళ్లీ తెల్లటి మసక. వేలితో రాసి నాలుకకు తగిలిస్తే ఉప్పు. మా బాల్కనీ గ్రిల్లుకు ఎన్నిసార్లు రంగు వేయించినా అతుకుల దగ్గర తుప్పు పొరలు పొరలుగా లేస్తూనే ఉంటుంది. కెరటం విరిగినప్పుడు ఎగిసిన తుంపర గాలిలోనే ఆరి, కంటికి ఆనని ఉప్పు రేణువులై ఊరి మీదికి వస్తుంది. వానలు పడగానే అదంతా కడుక్కుపోయి, గెడ్డల వెంట తిరిగి సముద్రంలో కలుస్తుంది. తెచ్చిన చేబదులు తీర్చేసినట్టే.

ఆ వాననీటికి సముద్రం దాకా వెళ్లే దారే లేకపోతే ఏమవుతుంది? రాజస్థాన్‌లోని సాంభర్ సరస్సే అందుకు జవాబు. జైపూర్‌కు నైరుతి దిక్కున, సముద్ర మట్టానికి సుమారు 360 మీటర్ల ఎత్తున, ఆరావళి కొండల నడుమ పళ్లెంలా పరుచుకుని ఉంది. దేశంలోని లోతట్టు ఉప్పునీటి సరస్సుల్లో అతి పెద్దదిగా పేరుపడింది. మేంధా, రూపన్‌గఢ్ వంటి వానాకాలపు నదులు ఇందులోకి వస్తాయి. బయటికి పోయే ఏరు ఒక్కటీ లేదు. వచ్చిన నీటిని ఎండ తాగేస్తుంది, ఉప్పును మాత్రం ముట్టుకోదు. నిండుగా ఉన్నప్పుడు కూడా లోతు మూడు మీటర్లకు మించదు. వేసవిలో చాలా మేర చవుడు పేరిన బురదే కనిపిస్తుంది.

అసలు ఇంత ఉప్పు ఎక్కడిది? 1909లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన హాలండ్, క్రిస్టీ ఒక సమాధానం చెప్పారు: వేసవిలో వీచే నైరుతి గాలులు గుజరాత్‌లోని ఉప్పు బయలు కచ్ రణ్ మీదుగా వస్తూ ఉప్పు ధూళిని మోసుకొస్తున్నాయని. ఆరావళి రాళ్లు శిథిలమై కరిగిన లవణాలే మూలమని వాదించేవారూ ఉన్నారు. ఏళ్ల తరబడి అద్దాలు తుడిచిన నాకు గాలి మాటే నమ్మబుద్ధవుతుంది, అది శాస్త్రీయమైన కారణం కాదనుకోండి. రెండూ పాలు పంచుకుని ఉండవచ్చు. దారి మూసుకున్న పళ్లెంలో ఏ చిటికెడు పడినా అక్కడే ఉండిపోతుంది.

స్థానికుల కథ వేరు. శాకంభరీ దేవి ఈ నేలను వెండి మైదానంగా మార్చి ఇచ్చిందట. దానికోసం కొట్టుకు చస్తామని భయపడిన జనం వెనక్కి తీసుకోమంటే, వెండిని ఉప్పుగా మార్చిందట. ఉప్పు కోసం మాత్రం రాజ్యాలు కొట్టుకోలేదా! బ్రిటిష్‌వారు 1870లో జైపూర్, జోధ్‌పూర్ సంస్థానాల నుంచి సరస్సును కౌలుకు తీసుకున్నారు. ఉప్పు దొంగరవాణాను ఆపడానికి అప్పటికే దేశం మధ్యగా వేల కిలోమీటర్ల సుంకపు సరిహద్దు, చాలా చోట్ల ముళ్లకంచెతో సహా, పెంచి కాపలా కాస్తున్నారు. ఉప్పు పుట్టేచోటే పన్ను వసూలు చేసే వీలు చిక్కాక, 1879లో ఆ కాపలా ఎత్తేశారు.

సరస్సు అడుగు మట్టికి ఇంకా పాత జ్ఞాపకాలున్నాయి. 1970లలో శాస్త్రవేత్త గురుదీప్ సింగ్ బృందం సాంభర్‌లోనూ మరికొన్ని ఎడారి సరస్సుల్లోనూ పొరల్లో చిక్కిన పుప్పొడిని బట్టి అప్పట్లో ఏ మొక్కలు పెరిగాయో పరిశీలించి, కొన్ని వేల ఏళ్ల కిందట ఈ ప్రాంతం ఇప్పటికంటే తడిగా ఉండేదని చెప్పింది.

ఎండ ముదిరిన ఉప్పుమడుల్లో నీరు గులాబీ రంగుకు తిరుగుతుంది. గాఢమైన ఉప్పులోనే బతికే నాచు, సూక్ష్మజీవులు దానికి కారణం. పులికాట్‌లో మనం చూసే ఫ్లెమింగోలు ఇక్కడికీ వస్తాయి. వాటి ఈకలకు ఆ రంగు తిండి నుంచే అబ్బుతుంది.

ఇప్పుడు నదులపై ఎగువన చెక్‌డ్యాములు, ఒడ్డున ఉప్పునీటి కోసం తవ్విన బోర్లు. నీరు తగ్గి అడుగు బయటపడిన చోట, వేసవి గాలి ఆ తెల్లటి పొరను లేపి చుట్టుపక్కల పొలాల మీదికి చల్లుతోంది.