"ఎన్నో నెలమ్మా?": సల్ఫా బిళ్లల వెనక ఉన్న చరిత్ర

కర్నూలు పాత బస్టాండు దగ్గర ఒక మందుల దుకాణంలో ఈమధ్య ఒక పెద్దావిడ కొంగుముడి విప్పి, సగం వాడిన బిళ్లల అట్ట బల్ల మీద పెట్టింది. "మా కోడలికి మూత్రంలో మంట నాయనా. పోయినేడు నాకు ఇవే ఇచ్చారు, రెండు రోజుల్లో తగ్గింది." అట్ట మీద కో-ట్రైమోక్సజోల్ అని ఉంది. సూక్ష్మజీవులను అణిచే సల్ఫా రకం మందు అది. సొరుగు దాకా వెళ్లిన దుకాణదారు చేయి ఆగింది. "కోడలు కడుపుతో ఉందా? ఎన్నో నెలమ్మా?" తొమ్మిది పడిందని చెప్పగానే ఆయన అట్ట తిరిగి ఆమె చేతిలో పెట్టి, అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాడు.

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. నిజానికి సల్ఫా మందులకు తొలినాళ్లలో పేరొచ్చిందే బాలింతలను బతికించినందుకు. 1935లో జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ ప్రాంటోసిల్ అనే ఎర్రటి సల్ఫా మందు గురించి ప్రకటించాడు. మరుసటి ఏడాది లండన్‌లోని క్వీన్ షార్లెట్ ఆసుపత్రిలో లెనార్డ్ కోల్‌బ్రూక్ దాన్ని కాన్పు తర్వాత సోకే సూతికా జ్వరం వచ్చిన తల్లులకు ఇచ్చాడు. మందు అందుకున్న మొదటి 64 మందిలో చనిపోయింది ముగ్గురే. పెన్సిలిన్ ఇంకా వాడకంలోకి రాని రోజులవి. తల్లి లేని పసిబిడ్డను చేతుల్లోకి తీసుకున్న ఇంటివాళ్లకే ఆ అంకె విలువ తెలుస్తుంది.

ఇరవై ఏళ్ల తర్వాత చేదు నిజం బయటపడింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు జబ్బు సోకకుండా ముందుజాగ్రత్తగా సల్ఫిసాక్సజోల్ అనే సల్ఫా మందును, పెన్సిలిన్‌ను కలిపి ఇచ్చేవారు. 1956లో అమెరికాలో విలియం సిల్వర్‌మన్ బృందం వాళ్లను వేరే మందు ఇచ్చిన బిడ్డలతో పోల్చి చూసింది. సల్ఫా ఇచ్చిన వారిలోనే చావులు ఎక్కువ. మెదడులో పచ్చని మరకలు కనిపించాయి. కామెర్లకు కారణమైన బిలిరుబిన్‌ను రక్తంలోని అల్బుమిన్ పట్టి ఉంచుతుంది. సల్ఫా వచ్చి ఆ చోటు లాక్కుంటే, విడిపడిన బిలిరుబిన్ మెదడుకు చేరుతుంది. కడుపులో ఉన్నంత కాలం దాన్ని మాయ ద్వారా తల్లి శరీరమే తీసేస్తుంది. బొడ్డు కోశాక ఆ పని బిడ్డ లేత కాలేయం మీద పడుతుంది. కాన్పుకు ముందు తల్లి మింగిన బిళ్ల వల్ల బిడ్డకు ఇంత ముప్పు రావడం అరుదే. అయినా చివరి వారాల్లో వేరే మందు దొరికేటప్పుడు ఇది ఎందుకు?

మొదటి మూడు నెలల కథ వేరు. అది ఫోలిక్ యాసిడ్‌కు సంబంధించింది, అందులో మనవాడూ ఉన్నాడు. 1931లో ఇంగ్లండ్ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను ఈస్ట్ సారంతో తగ్గించి చూపింది. 1945 నాటికి యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో ఆ సారంలో మేలు చేసిన పదార్థమైన ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. సూక్ష్మజీవులు ఫోలేట్‌ను, అంటే ఫోలిక్ యాసిడ్ జాతి పోషకాన్ని, సొంతంగా చేసుకోవాలి, సల్ఫా అక్కడే అడ్డుపడుతుంది. మనం ఆకుకూరల నుంచి, పప్పుల నుంచి తీసుకుంటాం కాబట్టి ఆ దెబ్బ మనకు తగలదు. కానీ కో-ట్రైమోక్సజోల్‌లో సల్ఫాకు తోడు ట్రైమెథోప్రిమ్ అనే మరో మందు ఉంది. అది ఫోలేట్ పనిచేసే దారినే అడ్డుకుంటుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన నాలుగో వారంలో, అంటే నెల తప్పిందని తెలిసీ తెలియని రోజుల్లో. ఫోలేట్‌ను అడ్డుకునే మందులకూ పుట్టుక లోపాలకూ సంబంధం ఉందని 2000లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. మొదటి మూడు నెలల్లో వేరే తగిన మందు లేనప్పుడే సల్ఫా ఇవ్వాలని 2011లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెప్పింది.

ఇది విని సల్ఫాను విషమని అనుకుంటే అదీ తప్పే. హెచ్ఐవీ ఉన్న గర్భిణులకు అవసరమైతే ఇదే బిళ్ల కొనసాగిస్తారు. ఆఫ్రికాలో మలేరియా రాకుండా నాలుగో నెల నుంచి సల్ఫాడాక్సిన్ కలిసిన మందు ఇస్తారు. మూత్రంలో మంటను ఓర్చుకుంటూ కూర్చుంటే జబ్బు మూత్రపిండాలకు పాకి, నెలలు నిండకముందే కాన్పు రావచ్చు.

నా దిగులంతా ఆదోని, కోసిగి వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వలసపోయే ఆడవాళ్ల గురించే. ఎండలో నీళ్లు తక్కువ తాగుతారు, మరుగు లేక మూత్రం బిగబట్టుకుంటారు. మంట మొదలైతే దగ్గర్లో దొరికిన బిళ్లే మింగుతారు. తల్లీబిడ్డల కార్డు ఊళ్లో పెట్టెలో ఉండిపోతుంది. దాన్ని వెంట తీసుకెళ్లమని బయలుదేరే ముందే ఆశా కార్యకర్త చెప్పాలి. ఏ నెలలో ఏ బిళ్ల వేసుకుందో అందులో రాయించాలి.