కర్ర పెంచే నీడ

మా మేనల్లుడు కెనడాలోని కాల్గరీలో ఉద్యోగం చేస్తున్నాడు. పుట్టి పెరిగింది హనుమకొండలో. రెండేళ్లుగా వారాంతాల్లో కొత్తవాళ్ల జట్టులో ఐస్ హాకీ ఆడుతున్నాడు, అదీ డిఫెన్స్‌లో. మొన్న రాత్రి ఫోన్ చేసి ఒకటే బాధపడ్డాడు.

"మామా, ఇద్దరు ఎదురుంగ ఉరికొస్తున్నరు. నేనొక్కన్నే ఉన్న. పక్ ఉన్నోని మీదికి పోయిన. వాడు పక్కోనికి పాస్ ఇచ్చిండు, గోల్ పడ్డది. ఇద్దర్ని ఒక్కడు ఎట్ల ఆపాలె?"

నేను పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఐస్ మీద ఒక్కసారి కూడా నిలబడలేదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వారం పాటు మ్యాచ్‌లు చూశాను, బోర్డు మీద గీతలు గీశాను. వాడికి కావలసిన జవాబులో సగం మన పదో తరగతి సరూప త్రిభుజాల పాఠంలోనే ఉంది.

మన దేశంలో ఈ ఆటకు ఇల్లు లద్దాఖ్. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకున్న ఆడపిల్లలు 2025లో ఆసియా కప్‌లో భారత్‌కు కాంస్యం తెచ్చారు. మనకు ఓరుగల్లులో చెరువులకు కొదువ లేదు కానీ అవి గడ్డకట్టవు కాబట్టి, ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. మంచు మీద ఒక్కో జట్టుకు గోలీతో, అంటే గోల్ కీపర్‌తో, కలిపి ఆరుగురు ఉంటారు. బంతికి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది: 3 అంగుళాల వెడల్పు, అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు. గోల్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. ఒక జట్టు దాదాపు అందరూ ముందుకు వెళ్లి ఉన్నప్పుడు పక్ చేజారితే, అవతలివాళ్లు ఇద్దరు ఒక్కసారిగా తిరిగి దూసుకొస్తారు. వెనక మిగిలేది ఒక డిఫెండర్, ఒక గోలీ. దీన్నే టూ ఆన్ వన్ అంటారు.

ముందు గోలీ సంగతి చూద్దాం. డిఫెండర్ ఏం చేయాలో గోలీ కష్టం తెలిస్తేనే అర్థమవుతుంది.

మంచి షాట్ సెకనుకు 35 మీటర్ల వేగంతో వస్తుంది. ఏడు మీటర్ల దూరం నుంచి కొడితే గోల్ చేరడానికి 0.2 సెకను పడుతుంది. మనిషి కన్ను చూసి, మెదడు గ్రహించి, కండరం కదలడం మొదలుపెట్టడానికే ఇంచుమించు అంత సమయం కావాలి. అంటే దగ్గర్నుంచి వచ్చే షాట్‌ను గోలీ చూసి ఆపడం దాదాపు కుదరదు. షాట్ కొట్టే ముందే సరైన చోట నిలబడి ఉండాలి.

ఆ సరైన చోటు ఏదో ఇంట్లోనే చూడొచ్చు. రాత్రి లైట్లు ఆర్పేసి, ఫోన్ టార్చ్‌ను నేల మీద గోడ వైపు పెట్టండి. దాని ముందు ఒక మందపాటి పుస్తకం నిలబెట్టండి. పుస్తకం గోడకు దగ్గరగా ఉంటే నీడ చిన్నది. టార్చ్ వైపు జరిపేకొద్దీ నీడ పెరిగి గోడంతా కమ్మేస్తుంది. టార్చ్ పక్ అనుకోండి, పుస్తకం గోలీ, గోడ గోల్. నీడ పడిన మేర గోల్ మూసుకున్నట్టే. కరెంటు పోయిన రాత్రుల్లో గోడ మీద చేతి నీడలతో జింకలు, పక్షులు చేసి ఆడుకున్నవాళ్లకు ఇది కొత్త విషయం కాదు.

లెక్క కూడా తేలిక. పక్ గోల్‌కు ఎదురుగా 8 మీటర్ల దూరంలో ఉందనీ, ప్యాడ్లు కట్టుకున్న గోలీ 0.9 మీటర్ల వెడల్పు అడ్డం వస్తాడనీ అనుకుందాం. గోల్ గీతకు అర మీటరు ముందుకొచ్చి నిలబడితే అతని నీడ సుమారు 0.96 మీటర్లు. రెండు మీటర్లు ముందుకొస్తే 1.2 మీటర్లు. గోల్ వెడల్పు 1.83 మీటర్లు కాబట్టి రెండో స్థితిలో మూడింట రెండొంతులు నిలబడిన చోటనే మూసేసినట్టు. మరి గోలీలు ఎప్పుడూ ముందుకే వచ్చి ఎందుకు నిలబడరు?

పక్కన ఇంకొకడు ఉన్నాడు గనక. ఇద్దరు దాడిదారులూ గోల్ మధ్యబిందువుకు చెరో 8 మీటర్ల దూరంలో, ఒకరికొకరు 6 మీటర్ల ఎడంగా వస్తున్నారనుకోండి. పాస్ వెళ్లగానే గోలీ మొదటివాడి దారి నుంచి రెండోవాడి దారిలోకి జరగాలి. ఎంత దూరం? ఇక్కడే సరూప త్రిభుజాలు. అర మీటరే ముందుకొచ్చి నిలబడినవాడు 6ను 8తో భాగించి 0.5తో గుణించినంత, అంటే 0.375 మీటరు జరిగితే చాలు. రెండు మీటర్లు ముందుకొచ్చినవాడు 1.5 మీటర్లు జరగాలి. సెకనుకు 15 మీటర్ల వేగంతో పోయే పాస్ ఆ 6 మీటర్లు దాటడానికి 0.4 సెకను, అందుకున్నవాడు కొట్టిన షాట్ రావడానికి ఇంకో 0.2 సెకను. ఇందులో గోలీ గ్రహించడానికే 0.2 పోతుంది. మిగిలిన 0.4 సెకనులో, నిలబడిన చోట నుంచి మొదలుపెట్టి 1.5 మీటర్లు జరగాలంటే కావలసిన త్వరణం భూమి గురుత్వ త్వరణానికి దాదాపు రెండు రెట్లు. స్కేట్ల కింద కత్తి అంచు లాంటి బ్లేడ్ల మీద నిలబడిన మనిషి పక్కకు అంత తోపు ఇవ్వలేడు. 0.375 మీటరుకైతే అందులో నాలుగో వంతు త్వరణం సరిపోతుంది, అది సాధ్యమే.

గోలీ ఇబ్బంది ఇదీ. ముందుకొస్తే షాట్ ఆగుతుంది, పాస్ చంపుతుంది. వెనక్కి పోతే పాస్‌ను అందుకోగలడు, షాట్‌కు సగం గోల్ తెరిచి ఉంటుంది. రెండూ ఒక్కడి వల్ల కాదు.

ఇప్పుడు డిఫెండర్‌ను లోపలికి తెద్దాం. నా మేనల్లుడు పక్ ఉన్నవాడి మీదికి వెళ్లాడు. ఎవరికైనా ముందు తోచేది అదే. పక్ అక్కడుంది కదా! కానీ అలా వెళ్లిన క్షణమే పాస్ దారి తెరుచుకుంది, గోలీ వల్ల కాని ఆ 1.5 మీటర్ల పని అతని మీద పడింది. డిఫెండర్ పని పక్ లాక్కోవడం కాదు. ఇద్దరి మధ్య గీతలో ఉండి, కర్ర బ్లేడును మంచుకు ఆనించి, పాస్ పోనివ్వకుండా చేయడం. షాట్ కొడతావా, కొట్టుకో, గోలీ చూసుకుంటాడు అని వదిలేయడం. మధ్యలోకి కోసుకుని రాకుండా మాత్రం వాడిని పక్కకే ఉంచాలి.

నాకు ఈ ఆటలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. పాస్ రాదని గోలీకి నమ్మకం కుదిరితే అతను ధైర్యంగా రెండు మీటర్లు ముందుకొస్తాడు. 0.96 మీటర్ల నీడ 1.2 అవుతుంది. డిఫెండర్ కర్ర ఒక్క షాట్‌నూ తాకదు, అయినా గోల్ మీద నీడను పెంచేది ఆ కర్రే. ఇద్దరికీ ముందే ఒప్పందం ఉండాలి: పాస్ నాది, షాట్ నీది. నా మేనల్లుడి గోలీ లోపలే ఉండిపోయాడా, బయటికి వచ్చాడా అని అడిగితే, వాడు అది చూడనే లేదన్నాడు.

మరి నిలబడడం ఎలా? నిశ్చలంగా నిలబడితే పని కాదు. సెకనుకు 9 మీటర్ల వేగంతో వచ్చేవాడు, డిఫెండర్ గ్రహించే 0.2 సెకనులోనే 1.8 మీటర్లు దాటిపోతాడు. మంచు మీద రాపిడి చాలా తక్కువ. బ్లేడు అంచును లోపలికి దిగేలా నొక్కితే తప్ప దిశ మారదు, దానికీ సమయం కావాలి. అందుకే డిఫెండర్ వెనక్కి స్కేటింగ్ చేస్తూ వాళ్ల వేగానికి దగ్గరగా తన వేగం పెట్టుకుంటాడు. కాజీపేట జంక్షన్ నుంచి రెండు రైళ్లు పక్కపక్కనే ఒకే వైపు కదులుతున్నప్పుడు కిటికీలోంచి చూస్తే అవతలి రైల్లో మనిషి ముఖం స్పష్టంగా కనిపిస్తుంది, అతను చేతిలో ఏం పట్టుకున్నాడో కూడా తెలుస్తుంది. అదే రైలు ఎదురుగా వస్తే గీతలు తప్ప ఏమీ కనిపించవు. సాపేక్ష వేగం తగ్గితే చూడడానికి, ఆలోచించడానికి సమయం దొరుకుతుంది.

చూడాల్సింది కూడా పక్‌ను కాదు, ఛాతీని. చేతులు, కళ్లు, కర్ర ఎటైనా నటిస్తాయి. మనిషి ద్రవ్యరాశి కేంద్రం మాత్రం కాళ్లు తోస్తే తప్ప దారి మార్చదు. మా ఊరి బడి గ్రౌండులో కబడ్డీ నేర్పిన సారు కూడా రైడర్ చేతులు చూడొద్దు, నడుము చూడమని అరిచేవారు. కూత ఆగేదాకా ఆగమనేవారు కూడా. ఒంటరిగా మిగిలినవాడు తొందరపడి దూకితే పాయింట్ పోయినట్టే, కాలం అతని పక్షానే ఉంటుంది.

ఐస్ మీద కూత లేదు, వెనక నుంచి ఉరికొచ్చే తోటి ఆటగాళ్లున్నారు. దాడి జరిగే భాగం మొదలయ్యే నీలి గీత, బ్లూ లైన్, నుంచి గోల్ గీతకు 64 అడుగులు, అంటే 19.5 మీటర్లు. దాడిదారులు సెకనుకు 9 మీటర్లతో వస్తూ, వెనక 6 మీటర్ల దూరంలో మనవాడు 9.5తో తరుముతుంటే, వాళ్లను అందుకోవడానికి 12 సెకన్లు కావాలి. అప్పటికి గోల్ పడి సంబరాలు కూడా అయిపోతాయి. డిఫెండర్ పాస్ దారి మూసి, ఏం చేయాలో తేలక వాళ్లు 6.5కు నెమ్మదించేలా చేస్తే? అదే 6 మీటర్లను 2 సెకన్లలో అందుకుంటాడు. వాళ్లకు గోల్ చేరడానికి 3 సెకన్లు పడుతుంది. ఇద్దరిపై ఒక్కడు అనుకున్నది ఇద్దరిపై ఇద్దరు అయిపోతుంది.

దాడిదారుల దగ్గరా ఒక విద్య ఉంది. చెరువు నీళ్ల మీద పలచని పెంకును తిప్పి విసిరితే అది తిరగబడకుండా చదునుగా వెళ్లి ఎగురుకుంటూ పోవడం చూసే ఉంటారు. తిరుగుడే దాన్ని స్థిరంగా ఉంచుతుంది. పక్‌ను కూడా అలాగే కర్రతో గుండ్రంగా తిప్పి గాల్లోకి కొద్దిగా లేపుతారు. అది డిఫెండర్ కర్ర మీదుగా దాటి, అవతల చదునుగా వాలి జారిపోతుంది. దీన్ని సాసర్ పాస్ అంటారు. దీనికి విరుగుడు, ఆఖరి క్షణంలో ఒళ్లంతా మంచు మీద అడ్డంగా పరచడం. కానీ ముందే పడుకుంటే దాడిదారు చుట్టూ తిరిగి వెళ్లిపోతాడు, లేచే సమయం ఉండదు. ఎప్పుడు పడుకోవాలో ఏ లెక్కా చెప్పదు, వందల సార్లు పడి నేర్చుకోవాల్సిందే.

ఇదంతా కాగితం మీద గీసి ఫోటో తీసి వాడికి పంపాను. పోయిన ఆదివారం మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి పాస్ దారిలోనే ఉన్నాడట. దాడిదారు రెండుసార్లు పక్కకు చూసి, దారి లేక తనే కొట్టాడట. బయటికొచ్చి నిలబడిన గోలీ ఛాతీకి తగిలి పక్ అక్కడే పడిందట. స్కోరు కాగితంలో గోలీ పేరు పక్కన ఒక సేవ్ రాశారు. "మామా, మరి ముగ్గురొచ్చి మేము ఇద్దరమే ఉంటే?" అన్నాడు. చాక్‌పీసు కోసం వెతుకుతూ, ఫోన్ పెట్టెయ్యొద్దని చెప్పాను.